మా ఆయన రిపోర్టులు

ఆరు నెలలకోసారి మా ఆయన రక్తపరీక్ష రిపోర్టు నా ఫోనులోకి వచ్చేది. ఎక్కువగా మధ్యాహ్నం, స్కూల్లో మేం అన్నాలకు కూర్చునే వేళకు. క్యారేజీ మూత తీయకుండానే ఫోను తీసేదాన్ని. హద్దు దాటిన అంకెలను ల్యాబువాళ్ళు ఎర్రగా వేస్తారు. సుగర్ ఉన్న వరసలో ఎరుపు కనపడేది కాదు. పక్కన కూర్చునే తెలుగు టీచరుగారికి చూపించి, "చూశారా, మా జొన్నరొట్టె ఏం చేసిందో" అనేదాన్ని. వాళ్ళాయనకీ సుగరే, ఆయన ఎవరి మాటా వినడు. ఆవిడ నిట్టూర్చేది. నాకు ఆవిడ మీద బోలెడు జాలి కలిగేది. ఆ జాలి గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

మేముండేది బెజవాడ పటమటలో. నేను సైన్సు టీచర్ని. మా ఆయనకు వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేలు షాపు ఉంది. తోపుడుబళ్ళు, ఆటోలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే సందు అది. ఎండ నేలమీద పడదు, మనిషి గొంతు తగ్గదు. ఆ షాపులో ఆయనకు కుడిభుజం నా తమ్ముడు. నాకంటే చిన్నవాడు, నా చంకెక్కి పెరిగినవాడు. చదువు అయ్యాక మా ఆయనే వాణ్ణి షాపులో పెట్టుకున్నాడు. బావాబామ్మర్దులిద్దరూ ఒకటే జట్టు. ఒకరినొకరు ఆటపట్టించుకోకపోతే ఇద్దరికీ టీ గొంతు దిగదు. నేను ఈయన్ని ఏమన్నా అంటే వాడు అడ్డొస్తాడు, వాణ్ణి తిడితే ఈయన అడ్డొస్తాడు. మా వైపు ఇది మామూలే. బావ చేసిన పని అక్కకు తెలియకుండా చూడటం బామ్మర్ది ఉద్యోగంలో భాగం అన్నట్టే ఉంటుంది వ్యవహారం. సినిమాకి పోయి, గోడౌన్లో సరుకు దించుకుంటున్నామని ఫోను చేసిన రోజులున్నాయి. వెనక నుంచి ఇంటర్వెల్ గోల వినపడుతూనే ఉండేది. నవ్వుకుని ఊరుకునేదాన్ని.

ఆయనకు సుగర్ ఉందని తెలిసిన కొత్తలో పరీక్షలకు నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను. రెండుసార్లూ ఎక్కువే వచ్చింది. మా ఇంటి డాక్టరుగారు పెద్దాయన, గొంతు పెంచకుండా మాట్లాడతారు. "వచ్చేసారి కూడా ఇలాగే ఉంటే ఇన్సులిన్ మొదలుపెడదామండి. కంగారు పడాల్సిందేం లేదు" అన్నారు. బయటికొచ్చాక మా ఆయన బండి తాళం చేతిలో పెట్టుకుని జేబులన్నీ వెతుక్కున్నాడు. ఎండకు అలా ఉన్నాడనుకున్నాను.

ఇంటికొచ్చి వంటిల్లు మార్చేశాను. పొద్దున రాగిజావ, రాత్రి జొన్నరొట్టె. తెల్లన్నం మధ్యాహ్నం మాత్రం, అదీ కొలిచి. మామిడిపండ్ల రోజుల్లో నూజివీడు రసాలు మా గుమ్మం తొక్కనివ్వలేదు. ఆయనొక్కడికీ వేరే వండితే మనసు చిన్నబుచ్చుకుంటాడని నేనూ అదే తిన్నాను. నాకు సుగర్ లేదు. జొన్నరొట్టె నాకు అస్సలు సహించదు. అయినా ఏళ్ళ తరబడి తిన్నాను.

పరీక్షలు చేయించే పని మాత్రం తమ్ముడికి అప్పగించాను. నేను పొద్దున్నే స్కూలుకు పోవాలి, వాళ్ళు పొద్దున్నే షాపు తీయాలి. ల్యాబు మనిషి షాపుకే వచ్చి రక్తం తీసుకెళ్ళే సదుపాయం ఉందని తెలిసి, నేనే ఫోనులో ఏర్పాటు చేశాను. "పరగడుపున ఉండాలి. టీ తాగనివ్వకు. దగ్గరుండి తీయించు. ఆయన తప్పించుకోవడానికి చూస్తాడు" అని వాడికి మరీ మరీ చెప్పాను.

"నువ్వు నిశ్చింతగా ఉండక్కా. బావ సంగతి నాకొదిలెయ్" అన్నాడు వాడు.

వదిలేశాను. ఈ లోకంలో వాడికి కాకపోతే ఇంకెవరికి వదిలేస్తాను?

వాడి చేతిమీదుగా జరిగిన మొదటి పరీక్షే బ్రహ్మాండంగా వచ్చింది. డాక్టరుగారు కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు. "ఏం చేశారమ్మా?" అని నన్నే అడిగారు. నేను రాగిజావ దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. మా ఆయన పక్క కుర్చీలో కూర్చుని, "అంతా ఆవిడ చలవేనండి" అన్నాడు. ఆ తర్వాతి రిపోర్టూ అలాగే ఉంటే డాక్టరుగారు సుగర్ మాత్రని సగానికి తగ్గించారు. నేను సంతోషంతో ఉక్కిరిబిక్కిరవుతున్నాను. ఆయన నేలకేసి చూస్తున్నాడు. మొహమాటం అనుకున్నాను.

కొలెస్ట్రాల్ ఒక్కటీ ఎర్రగా వచ్చేది. దానికి వేరే మాత్ర రాశారు. వచ్చేసారికి అది ఇంకాస్త పెరిగింది. మోతాదు పెంచారు. అయినా దిగలేదు. నూనె తగ్గించమన్నారు. వేపుళ్ళు మానేశాను, తాలింపులో నూనెని చెంచాతో కొలిచాను. ఎంత చేసినా అది నా మాట వినలేదు.

రిపోర్టు బాగా వచ్చిన సాయంత్రం ఆయనకు నా తరఫున బహుమానం ఉండేది. ఒక్క బందరు లడ్డూ. తమ్ముడూ ఆ పూట మా ఇంటికే వచ్చేవాడు. ఇద్దరూ సోఫాలో కూర్చుని ఆ లడ్డూని చెరిసగం చేసుకుని తింటూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవాళ్ళు. ఏంటా నవ్వు అని అడిగితే, "బావ పాసయ్యాడుగా అక్కా" అనేవాడు తమ్ముడు. వాళ్ళు నవ్వుతున్నారని నేనూ నవ్వేదాన్ని. తర్వాత జరిగినవాటిలో చాలా వాటికి నేను మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఆ నవ్వుకు మాత్రం సర్దిచెప్పుకోలేకపోతున్నాను.

ఆయన సన్నబడ్డాడు. చొక్కాలు వదులయ్యాయి. నిద్రలో లేచి చెంబుడు నీళ్ళు తాగేవాడు. సన్నబడటం నా వంట వల్ల అనుకున్నాను, దాహం బెజవాడ ఎండల వల్ల అనుకున్నాను. సైన్సు టీచరువి, ఆ మాత్రం తెలియలేదా అని తర్వాత ఒకరిద్దరు దెప్పారు. ఎందుకు తెలుస్తుంది? సుగర్ అదుపులో ఉందని కాగితం చెబుతోంది. మా ఆయన చెబుతున్నాడు. నా తోడబుట్టినవాడు చెబుతున్నాడు. ఇంతమంది చెప్పాక కూడా నమ్మకపోతే నాదేం కాపురం?

పోయిన వేసవి మొదట్లో ఒక ఉదయం పేపరు చదువుతూ, కంటి ముందు దారాలు తేలుతున్నాయన్నాడు. బట్టల షాపు మనిషికి దారాలు కాక ఇంకేం కనపడతాయని వేళాకోళమాడాను. మర్నాడు స్నానం చేసి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఎడమకంటి ముందు నల్లటి తెర దిగిందన్నాడు.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చుక్కలు వేసి, లైటు పెట్టి, చాలాసేపు చూసింది. "సుగర్ అదుపులో లేదు కదండీ చాలా కాలం నుంచి" అంది. నాకు కోపం వచ్చింది. ఫోను తీసి రిపోర్టులన్నీ వరసగా చూపించాను. ఆవిడ ఓపికగా చూసింది. "ఈ రిపోర్టులకీ ఈ కంటికీ పొంతన కుదరట్లేదండి" అంది. కంటి వెనక పొరలో రక్తనాళాలు చిట్లి నెత్తురు చేరిందట. కుడికంటిలోనూ మొదలైందట. లేజరు చెయ్యాలి, కంట్లో ఇంజెక్షన్లు ఇవ్వాలి. కుడికన్ను నిలబెట్టడానికి చూస్తానంది. ఎడమకన్ను గురించి మాట ఇవ్వలేనంది.

అక్కడే రక్తం తీసి చూశారు. అంకె చూసి నర్సు, "ఇంకోసారి తీద్దాం సార్" అంది. ఇంకోసారీ అంతే వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేశారు. అది మరీ అన్యాయంగా ఉంది.

"ఆ ల్యాబువాళ్ళు మనల్ని ముంచేశారు" అన్నాను. వరండాలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. మా ఆయన నల్లకళ్ళజోడు పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. "ఇప్పుడు అదంతా ఎందుకులే. పోనీ" అన్నాడు. కన్ను పోతుంటే పోనీ ఏంటో నాకు అర్థం కాలేదు. ఆయన మంచితనం మీద కూడా విసుక్కున్నాను.

మర్నాడు స్కూలుకు సెలవు పెట్టి షాపుకు వెళ్ళాను. ల్యాబు సంగతి తేల్చుకోవాలి, నాతో రమ్మని తమ్ముణ్ణి పిలిచాను. వాడు గుడ్డల బేళ్ళ లెక్క చూస్తున్నట్టు అటు తిరిగాడు. "వాళ్ళతో పెట్టుకుంటే తిరగలేం అక్కా. ఇంకో ల్యాబుకు మారిపోదాం" అన్నాడు. "నువ్వు దగ్గరుండి తీయించావు కదరా, నువ్వే సాక్షివి" అని రెక్క పట్టుకుని ఆటో ఎక్కించాను.

ల్యాబులో కౌంటరు దగ్గర అమ్మాయిని నిలదీశాను. లోపల నుంచి మేనేజరు వచ్చి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. మా ఆయన కన్ను పోయిందని, వీళ్ళ తప్పుడు రిపోర్టులు నమ్మి డాక్టరు మందు తగ్గించాడని, ఊరంతా చాటుతానని అరిచాను. అక్కడ కూర్చున్న పేషెంట్లు తమ చేతుల్లో కాగితాలకేసి అనుమానంగా చూసుకున్నారు. మేనేజరు పాపం మెత్తగానే మాట్లాడాడు. మీ వారి రక్తం తీసే మనిషి ఒకడేనండి, పిలుస్తానన్నాడు.

ఆ మనిషి హెల్మెట్ చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. నన్ను చూడలేదు. నా పక్కన నిలబడ్డ తమ్ముణ్ణి చూసి నవ్వాడు.

"నమస్తే సార్. మీరే వచ్చారేంటి? ఫోన్ చేస్తే షాపుకొచ్చేవాణ్ణిగా" అన్నాడు.

"వీళ్ళాయన బ్లడ్డు తీసింది నువ్వేనా?" అన్నాడు మేనేజరు.

"వీళ్ళాయనంటే?"

మేనేజరు మా ఆయన పేరు చెప్పాడు.

"నేనేనండి. ప్రతిసారీ నేనే. సార్ ఇక్కడే ఉన్నారుగా, అడగండి" అని ఆ మనిషి హెల్మెట్‌తో తమ్ముణ్ణి చూపించాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే, ఈ మనిషికి మతి పోయిందని మేనేజరుతో అనబోయాను. తమ్ముడి మొహం చూశాక నోరు మూసుకున్నాను. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చినప్పుడు కూడా వాడు అలా తల దించలేదు. నేను మేనేజరుకి నమస్కారం పెట్టి బయటికొచ్చేశాను. అందరి ముందూ అరిచిన నా గొంతే నా చెవుల్లో మోగుతోంది.

ఆటోలో వాడు ఏడవడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు రాలేదు.

"తన బదులు నన్ను రక్తం ఇమ్మని బావే బతిమాలాడక్కా. ఈ ఒక్కసారికి అన్నాడు. తర్వాత మానలేకపోయాం. ఒకసారి బాగా వచ్చి మళ్ళీ పెరిగితే నువ్వు ఊరుకోవుగా. నువ్వంటే బావకి భయం" అన్నాడు.

నేనంటే భయమంట. దులపరించేశాను. ఆటో డ్రైవరు అద్దంలో చూస్తున్నా ఆగలేదు. జొన్నరొట్టెలు కాల్చినందుకు భయమా, ఏళ్ళ తరబడి మాత్రలు గుర్తుపెట్టుకుని ఇచ్చినందుకు భయమా? మగవాళ్ళు తమ పిరికితనానికి ఎంత తేలిగ్గా ఆడదాని పేరు పెట్టేస్తారో ఆ రోజు చూశాను. ఆ మాట నేను ఈ రోజుకీ ఒప్పుకోను.

ఇంటికెళ్ళేసరికి మా ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. మేమిద్దరం కలిసి వస్తున్న అడుగులు వినగానే ఆయనకు తెలిసిపోయింది.

"ఇన్సులిన్ అన్నారు కదా" అన్నాడు. "మా అన్నయ్యకు సూది మొదలుపెట్టిన ఏడాదే పోయాడు. సూది దాకా వచ్చిందంటే ఇక అయిపోయినట్టే అనిపించింది నాకు."

"మీ అన్నయ్య సూది వల్ల పోలేదండీ. అది ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల పోయారు. మీకు ఎన్నిసార్లు చెప్పాను?"

"చెప్పావు. వినపడుద్ది. లోపలికి పోదు." మంచం పట్టీ తడుముతూ, "మొదటిసారి రిపోర్టు వచ్చిన రోజు నువ్వెంత సంతోషపడ్డావో గుర్తుందా? ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు భయపడతావని" అన్నాడు.

ఆ మాట నన్ను కోసేసింది. నా సంతోషాన్ని కూడా వాళ్ళ వాటాలోకి లాక్కున్నారు. ఆ స్టాఫ్‌రూము మధ్యాహ్నాలు, ఆ లడ్డూ సాయంత్రాలు అన్నీ నావి కావు. వాళ్ళిద్దరూ ఆడిన ఆటలో నేను ఒక్కదాన్నే ఆట అని తెలియకుండా ఉన్నాను. చెడ్డవాళ్ళు మోసం చేస్తే తిట్టి మరిచిపోవచ్చు. వీళ్ళు నన్ను ప్రేమించే మనుషులు. వాళ్ళను ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. ఆ వారమంతా ఆయనకు కంట్లో చుక్కలు వేశాను, ఇన్సులిన్ వేయడం నేర్చుకుని పొట్ట మీద సూది గుచ్చాను, అన్నం కలిపి పెట్టాను. ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, సిగ్గు విడిచి, ఆ రక్తం మా ఆయనది కాదని చెప్పాను. ఆయన తిట్టలేదు. నా ఫోను తీసుకుని పాత రిపోర్టులు మొదటి నుంచీ మళ్ళీ చూడటం మొదలుపెట్టారు. ఇంకా ఎందుకండీ అవి, అన్నీ అబద్ధమే కదా అన్నాను.

"రిపోర్టులు అబద్ధం కాదమ్మా. మనిషే వేరు" అన్నారాయన. "ఈ కొలెస్ట్రాల్ చూడండి. ప్రతిసారీ పెరుగుతూనే ఉంది. నేను మాత్ర మోతాదు పెంచుతూ పోయాను. ఎందుకు దిగట్లేదా అని తల పట్టుకున్నాను. ఎలా దిగుద్ది? మందు మీ వారు మింగుతున్నారు. జబ్బు ఈ రక్తం ఇచ్చినాయనకి ఉంది. ఈయన ఎవరో గాని, రేపే తీసుకురండి."

నేను తమ్ముడి గురించి ఆలోచించాను. బేలు ఎత్తి మధ్యలో ఆగి, గుండె మీద రుద్దుకుంటూ "గ్యాసక్కా" అనేవాడు. మా ఇంటి మెట్లెక్కి వచ్చి కాసేపు మాట్లాడేవాడు కాదు. నాలుగేళ్ళు నా ఫోనులోకి వచ్చింది వాడి గుండె సంగతి. నేను దాన్ని చదివి, నూనె తగ్గించి, మా ఆయనకు వేపుళ్ళు మాన్పించాను. వాడు మాత్రం షాపు పక్కన బండి మీద మిరపకాయ బజ్జీలు తింటున్నాడు.

వాణ్ణి తీసుకెళ్ళాను. పిలిస్తే ఎదురుచెప్పకుండా వచ్చాడు. ఈసారి ల్యాబు మనిషి సూది గుచ్చుతుంటే నేను వాడి పక్కనే నిలబడి, వాడి పేరు వాడితో చెప్పించి, చూస్తూ ఉన్నాను. ఆ తర్వాత గుండెకు తీసిన పరీక్షలు బాగాలేవు. రక్తనాళాల్లో అడ్డం ఉందన్నారు. ఆలస్యం చెయ్యకుండా చేర్చమన్నారు, అదృష్టం బాగుంటే స్టెంటుతో సరిపోవచ్చన్నారు.

ఆసుపత్రి వరండాలో వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"దానికి చెప్పొద్దక్కా" అన్నాడు. వాడి భార్య గురించి. "సరుకు కోసం ఊరెళ్ళానని చెబుదాం. బావ కూడా అలాగే చెబుతానన్నాడు. అయిపోయాక నెమ్మదిగా చెబుతాను. ఇప్పుడు చెబితే భయపడుద్ది."

నేను చెయ్యి విడిపించుకున్నాను. ఇంత జరిగాక నన్ను కూడా తమ జట్టులో కలుపుకోవాలని చూస్తున్నారు. మా ఆయన చీకటి గదిలో కూర్చుని, ఒక కన్ను పోగొట్టుకుని, మళ్ళీ అదే ఏర్పాటు చేస్తున్నాడు. నేను వాడి ఎదురుగానే ఫోను తీసి మా మరదలికి చేశాను. మీ ఆయన గుండె బాగాలేదు, ఆసుపత్రిలో ఉన్నాం, వెంటనే రా అని చెప్పాను. కంగారుపడకు అనలేదు.

అవతల మా మరదలు నన్నే ఓదారుస్తున్నట్టు నెమ్మదిగా అంది.

"ఇంకోసారి చూడమనండి వదినా. అదేం ఉండదు. ఆయన ఆరు నెలలకోసారి చెకప్ చేయించుకుంటూనే ఉన్నారుగా. అన్నయ్యగారితో పాటే షాపులోనే తీస్తారంట. సాయంత్రం మోచేతి దగ్గర దూది అంటించుకుని వచ్చేవారు. నేనే తీసి పారేసేదాన్ని. అన్నీ నార్మలేనని ప్రతిసారీ చెప్పేవారు."

నేను తమ్ముడికేసి చూశాను. వాడికి ఆ మాటలు వినపడ్డాయి. ఫోను వాడి చేతిలో పెట్టి, "నువ్వే చెప్పు" అన్నాను. అవతల నుంచి మా మరదలు, "చెప్పండి వదినా, వింటున్నాను" అంటూనే ఉంది.